పాత లెన్సులకు కొత్త బాడీ

బ్యాంకులో ముప్పై ఏళ్ళు పనిచేసిన వాడికి ఒక అలవాటు ఒంటికి పట్టేస్తుంది. రూపాయి బయటికి వెళ్ళాలంటే ఒక వోచరు కావాలి, ఆ వోచరు మీద రెండు సంతకాలు ఉండాలి. మా ఇంట్లో ఆ రెండో సంతకం మా ఆవిడది. అందుకని "కెమెరా మారుద్దామనుకుంటున్నాను" అని నేనన్నప్పుడు ఆవిడ కాదనలేదు, అవుననీ అనలేదు. "ఇప్పుడున్నదానికి ఏటయింది?" అంది. అప్పు కోసం వచ్చిన వాణ్ణి మా బ్రాంచిలో మేం అడిగే మొదటి ప్రశ్న కూడా ఇంచుమించు అదే. దానికి సరైన జవాబు తయారుచేయడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. మన పత్రిక వెళ్ళే ఇళ్ళలో నాలాంటి వాళ్ళు, అంటే బీరువాలో పాత లెన్సులూ, చేతిలో చాలీచాలని డబ్బూ ఉన్నవాళ్ళు కొందరైనా ఉంటారు గనుక ఆ నాలుగు నెలల సంగతి రాస్తున్నాను.

ఉన్న కెమెరా నికాన్ డి3100. 2011లో కొన్నాను. 14.2 మెగాపిక్సెళ్ళు, దాంతోపాటు వచ్చిన 18-55 లెన్సు. పగటిపూట దానికి వంక పెట్టడానికి లేదు. మా అమ్మాయి స్కూలు ఫంక్షన్లు, గోపాల్‌పూర్ సముద్రం, తప్తపాణి వేడినీటి గుండం, బంధువుల గృహప్రవేశాలు అన్నీ అదే తీసింది. అసలు చిక్కంతా పొద్దు గూకిన తర్వాత.

బరంపురంలో ఉన్నవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు గానీ, మిగతావారి కోసం రెండు ముక్కలు. మా ఊళ్ళో రెండేళ్ళకోసారి బుఢీ ఠాకురాణి యాత్ర జరుగుతుంది. చైత్రమాసంలో అమ్మవారు పుట్టింటికి వచ్చినట్టు లెక్క. నేతపనివారి పెద్ద అయిన దేశిబెహరా ఇల్లే ఆ పుట్టింటికి గుర్తు. ఆ నేత కుటుంబాలలో చాలామంది ఇంటిభాష ఇవాళ్టికీ తెలుగే. రోజూ రాత్రిపూట ఆడవాళ్ళు పూలు చుట్టిన ఘటాలు తలమీద పెట్టుకుని వీధుల వెంట వస్తారు. మొక్కుకున్నవాళ్ళు దేవుళ్ళ వేషాలూ, పులి వేషాలూ కడతారు. 1936 ఏప్రిల్ 1న గంజాం జిల్లా మద్రాసు రాష్ట్రం నుంచి ఒరిస్సాలోకి వెళ్ళింది. కాగితాల మీద హద్దులు మారాయి గానీ ఆ ఘటాల ముందు పాడే గొంతులు మారలేదు. ఇదంతా రాత్రి వ్యవహారం. వీధి దీపాలు, పందిరి బల్బులు తప్ప వేరే వెలుగుండదు. ఫ్లాష్ వేస్తే ఘటం ఎత్తుకున్న మనిషి ముఖం సున్నం కొట్టిన గోడలా వస్తుంది, వెనకాల వీధంతా చీకటైపోతుంది.

2025 యాత్రలో మా పక్కవీధి తాతగారిని వరసగా పదిహేడు ఫొటోలు తీశాను. ఆయనకు ఎనభై దాటాయి. మగ్గం దిగి చాలా ఏళ్ళయింది. అయినా యాత్ర వస్తే అరుగుమీద కూర్చుని, ఎవరి తర్వాత ఎవరు నడవాలో, ఏ పాట ఎప్పుడు ఎత్తుకోవాలో కేకలేసి చెప్పేవారు. ఆ ఏడే దసరా వెళ్ళిన వారానికి పోయారు. ఇంట్లో పెట్టుకుందామంటే వాళ్ళ దగ్గర ఉన్నది ఆధార్ కార్డు ఫొటో ఒక్కటే. వాళ్ళ మనవడు నా దగ్గరికొచ్చి "మావయ్యా, యాత్రలో తీశారు కదా" అన్నాడు. పదిహేడింటిలో కాస్త చూడదగ్గది ఒక్కటి. అందులోనూ ముఖం అలికినట్టుంది. స్టూడియో అతను దాన్ని పెద్దది చేస్తూ, ఏదో సాఫ్ట్‌వేరు పెట్టి కళ్ళూ ముక్కూ చెక్కాడు. ఫొటో కత్తిలా వచ్చింది. పదకొండో రోజున దండ వేసిన ఆ ఫొటో ముందు నిలబడి మనవడు మెల్లిగా నాతో "మా తాత ముక్కు ఇలా ఉండదండీ" అన్నాడు. నిజమే, ఉండదు. ఆయన ముక్కు మీద చిన్న నొక్కు ఉండేది. ఆ నొక్కును యంత్రం తప్పనుకుని సరిచేసింది.

ఆ రాత్రి ఆ పదిహేడు ఫొటోల వివరాలు కంప్యూటర్లో చూశాను. ఐ.ఎస్.ఓ. 3200. ఆ కెమెరాకు మామూలు మెట్టులో అదే ఆఖరు. లెన్సు 55 దగ్గర ఎంత తెరిచినా ఎఫ్/5.6కు మించి తెరుచుకోదు. కాబట్టి షట్టరు సెకనులో పదిహేనో వంతు. కేకలేస్తూ చెయ్యి ఊపే మనిషి సెకనులో పదిహేనో వంతు సేపు కదలకుండా ఉండడు. నా చెయ్యీ ఉండదు.

ఇక్కడ నా బి.కాం. బుర్ర పనిచేయడం మొదలెట్టింది. మా చిన్న మామయ్యగారు ఓడల్లో ఇంజనీరుగా పనిచేశారు. 1990లో సింగపూరులో కొన్న నికాన్ ఎఫ్-801 ఫిల్ము కెమెరా, దానితో రెండు లెన్సులు - ఒకటి 50 ఎఫ్/1.8, ఇంకొకటి 85 ఎఫ్/1.8 - రిటైరయ్యాక నాకిచ్చారు. ఆ 50 లెన్సు ఎఫ్/1.8 దాకా తెరుచుకుంటుంది. 5.6ను 1.8తో భాగించి, వచ్చినదాన్ని దానితోనే హెచ్చిస్తే 9.6 చిల్లర వస్తుంది. అంటే అదే వీధిలో, అదే దీపం కింద ఆ పాత లెన్సు దాదాపు పదింతల వెలుగు లోపలికి రానిస్తుంది. పదిహేనో వంతు బదులు సెకనులో నూట నలభై అయిదో వంతు. చెయ్యి ఊపినా, కేకేసినా ముఖం నిలబడుతుంది. అంటే ఆస్తి ఇంట్లోనే ఉంది. వాడుకోవడానికి వీల్లేకుండా ఉంది, అంతే.

ఎందుకు వీల్లేదంటే, ఆ కాలపు నికాన్ లెన్సుల్లో మోటారు ఉండదు. కెమెరా మూతి దగ్గర స్క్రూడ్రైవరు కొనలాంటిది చిన్నది ఒకటుంటుంది. అది లెన్సు వెనక ఉన్న గాడిలో కూర్చుని తిరుగుతుంది. లెన్సు ఫోకస్ అయ్యేది దానివల్లే. 2006లో వచ్చిన డి40 నుంచి నికాన్ వారు తక్కువ ధర బాడీల్లో ఆ మోటారు తీసేశారు. నా డి3100 కూడా ఆ వంశమే. పాత లెన్సు తగిలించి, దాని రింగును 22 అంకె దగ్గర తాళం వేస్తే కెమెరా వెలుతురు కొలుస్తుంది, ఫొటో తీస్తుంది, కానీ ఫోకస్ మాత్రం మన చేత్తో తిప్పుకోవాలి. ఆ చిన్న కిటికీలోంచి, రాత్రిపూట, యాభై దాటిన కళ్ళతో, కళ్ళద్దాలతో! ఎఫ్/1.8 దగ్గర చెవి ఫోకస్ అయితే కన్ను అవదు. మా అమ్మ తులసికోట దగ్గర దీపం పెడుతుంటే ఓ వారం రోజులు ప్రయత్నించాను. దీపం బాగా వచ్చింది.

అమ్మ సంగతి చెప్పాను గనుక అదీ పూర్తిచేస్తాను. ఆవిడకి ఎనభై ఒకటి. రెండు కళ్ళకూ శుక్లాలు తీయించాం. ఫ్లాష్ పడితే "కళ్ళల్లో కారం కొట్టినట్టుంటాది, తియ్యకురా" అంటుంది. పగలంతా లోపలి గదిలో పడుకుని, పొద్దు వాలాక గానీ బయటికి రాదు. తాతగారి ఫొటో చూసొచ్చిన రోజునుంచి నాకు ఈ లెక్క ఇంకో రకంగా కనిపించడం మొదలైంది.

సరే, డబ్బు. నెలకు 1,500 చొప్పున రెండేళ్ళు కట్టిన రికరింగ్ డిపాజిట్ వడ్డీతో కలిపి 38,600 అయింది. ఇంకో 1,400 వేసి 40,000 అని గిరి గీసుకున్నాను. ఆ డబ్బు మీద అంతకుముందే ఇంకో క్లెయిము ఉంది. మా డాబా ఈశాన్యం మూల వానాకాలంలో కారుతుంది. దాని సంగతి తేల్చకుండా కెమెరా ఏమిటని మా ఆవిడ అభ్యంతరం. అది న్యాయమైన అభ్యంతరమే. మేస్త్రీని పిలిచి చూపిస్తే పగులు ఒక్క చోటే ఉంది, ఈ ఏడాదికి పూత వేస్తే ఆగుతుంది, వెయ్యి రూపాయల పని అన్నాడు. ఆ వెయ్యి కూడా ఈ 40,000లోంచే అని ఆవిడ షరతు. ఒప్పుకున్నాను. బాడీ, బ్యాటరీ, కార్డు, రానుపోను ఖర్చు, డాబా పూత అన్నీ కలిపి ఆ గిరి దాటకూడదు.

ఫోను చాలదా అని అడిగేవాళ్ళకు: చాలామందికి చాలు. మా ఆవిడ ఫోనులో రాత్రి ఫొటోలు నా డి3100 కన్నా బాగా వస్తాయి, ఒప్పుకోవాల్సిందే. అది ఒక ఫొటోకు బదులు గబగబా చాలా ఫొటోలు తీసి వాటిని కలిపి ఒకటి చేస్తుంది. కదలని గుడి గోపురానికి భేషుగ్గా ఉంటుంది. కదిలే మనిషి దగ్గరికొచ్చేసరికి కలపడంలో ముఖం మెత్తబడుతుంది. ఆ మెత్తబడినదాన్ని మళ్ళీ చెక్కుతుంది. ముక్కు సంగతి పైన చెప్పాను.

బెంగుళూరులో ఉన్న మా మేనల్లుడు ఫోన్లో "మావయ్యా, ఇంకా డి.ఎస్.ఎల్.ఆర్. ఏమిటి, మిర్రర్‌లెస్ తీసుకో" అన్నాడు. వాడు చెప్పినదాంట్లో నిజముంది. 2018లో నికాన్ వారు జడ్ మౌంటు తెచ్చారు. 2020 తర్వాత అద్దం ఉన్న కొత్త కెమెరా ఒక్కటీ తేలేదు. 1959 నుంచి సాగిన ఎఫ్ మౌంటు కథ ముగింపుకొచ్చినట్టే. కానీ జడ్ బాడీకి మన పాత లెన్సు తగిలించాలంటే ఎఫ్.టి.జడ్. అని వాళ్ళ అడాప్టరు కొనాలి. ఆ అడాప్టరులో స్క్రూ మోటారు లేదు. అంటే బాడీకి ఒక డబ్బు, అడాప్టరుకు ఒక డబ్బు పెట్టి మళ్ళీ చేత్తో ఫోకస్ తిప్పుకోవాలి. వాడికి లెన్సుల వారసత్వం లేదు గనుక వాడి లెక్క వాడికి సరి. నా బ్యాలెన్సు షీటులో ఆ రెండు లెన్సులూ ఎడమవైపో కుడివైపో ఎక్కడో ఒకచోట కనిపించాలి కదా.

అన్నట్టు, తరుగుదల మాట. ఆదాయపు పన్ను లెక్కల్లో కంప్యూటర్లకు ఏటా 40 శాతం, మామూలు యంత్రాలకు 15 శాతం తరుగుదల వేస్తూ వచ్చాం. 40 శాతం చొప్పున తగ్గిస్తే అయిదేళ్ళలో వంద రూపాయలకు మిగిలేది ఎనిమిది రూపాయల లోపు. 15 శాతమైతే 44 మిగులుతాయి. డిజిటల్ బాడీ కంప్యూటరు జాతి, లెన్సు యంత్రం జాతి. కొత్త బాడీ కొనడమంటే మొదటి రెండేళ్ళ తరుగుదల మన నెత్తిన వేసుకోవడం. పాతది కొంటే ఆ నష్టం ఎవరో మహానుభావుడు ముందే భరించి ఉంటాడు. అందుకని సెకండ్‌హ్యాండే అని మొదట్లోనే తేల్చుకున్నాను.

దానికన్నా చవక దారి ఒకటుంది, అదీ ఆలోచించాను. బాడీ మార్చకుండా, సొంత మోటారున్న కొత్త 50 ఎఫ్/1.8జి లెన్సు ఒక్కటి డి3100కు కొనుక్కోవడం. ఖర్చు సగానికి సగం తగ్గేది. నాలాగే ఉండి, పాత లెన్సులు లేనివాళ్ళకు నేనిచ్చే సలహా కూడా అదే: ముందు లెన్సు, తర్వాతే బాడీ. కానీ డి3100కు ఫోకస్ బిందువులు పదకొండు, వాటిలో గట్టిది మధ్యది ఒక్కటే. చీకట్లో అటూ ఇటూ వెతుక్కుంటూ ఉంటుంది. యాత్రలో ఘటం మన ముందు ఆగి నిలబడదు.

మిగిలినవి మూడు. డి750, ఇది 2014లో వచ్చిన ఫుల్‌ఫ్రేము. మామయ్యగారి లెన్సులు అవి పుట్టిన కొలతల్లో పనిచేసేది దాని మీదే. 50 అంటే 50గానే ఉంటుంది. డి3100 లాంటి చిన్న సెన్సారు మీద అది 75లా ప్రవర్తిస్తుంది. మనసు దానిమీదే ఉంది, దాచేదేముంది. వాడినదానికి నాకు చెప్పిన ధర 56,000. ఆ ఫైలు అక్కడే మూసేశాను. రెండోది డి7500. 2017లో వచ్చింది, వంగే తెర, 4కె వీడియో. ధర 46,000. మూడోది దానికన్నా పాతది, 2015 నాటి డి7200. 24.2 మెగాపిక్సెళ్ళు, 51 ఫోకస్ బిందువులు, మధ్య బిందువు డి3100 పనిచేసే వెలుగులో నాలుగో వంతు ఉన్నా పనిచేస్తుందని వాళ్ళ లెక్క. మోటారు ఉంది. నన్ను పడగొట్టింది మాత్రం ఇంకో సంగతి. డి7200లో రెండు కార్డులు పడతాయి. ఒకే ఫొటోను రెండింటిలోనూ రాసుకోమని చెప్పవచ్చు. తర్వాత వచ్చిన డి7500లో ఒక్క కార్డే. డబుల్ ఎంట్రీ మీద బతికినవాడికి సింగిల్ ఎంట్రీ కెమెరా ఎలా నచ్చుతుంది?

మా స్టూడియో అతను - ఒడియా వాడే, మా వీధిలో పెరిగి నాకన్నా మంచి తెలుగు మాట్లాడతాడు - కలకత్తా వెళ్ళమన్నాడు. చౌరంగీలో మెట్రో సినిమా పక్క సందులో కెమెరా షాపులున్నాయి. రాత్రి రైలెక్కి పొద్దున్నే హౌరాలో దిగాను. సంచిలో రెండు లెన్సులు, లాప్‌టాప్, టార్చిలైటు.

అప్పు ఇచ్చేముందు పార్టీ ఇంటికి వెళ్ళి చూడటం మాకు అలవాటే. ఇక్కడా అదే చేశాను. మొదట కె.వై.సి.: పెట్టె మీద నంబరు, బాడీ కింద నంబరు, బిల్లు మీద నంబరు మూడూ ఒకటేనా? మొదటి షాపులో బిల్లు లేదు, లేచి వచ్చేశాను. రెండో చోట ఉంది. తర్వాత, ఒక ఫొటో తీసి ఆ ఫైలును లాప్‌టాప్‌లో తెరిస్తే నికాన్‌లో షట్టరు ఎన్నిసార్లు కొట్టుకుందో అందులోనే కనిపిస్తుంది. 37,000 చిల్లర. ఆ షట్టరును లక్షా యాభై వేలసార్లకు పరీక్షించారు. నేను ఏడాదికి నాలుగు వేలు తీసినా నా రిటైర్మెంటు దాటి చాలా దూరం వస్తుంది. ఆపైన ఎఫ్/16 పెట్టి తెల్లటి ఆకాశాన్ని తీశాను. సెన్సారు మీద దుమ్ముంటే నల్లచుక్కలు కనపడతాయి. రెండున్నాయి, గాలి ఊదితే పోయాయి. పట్టు దగ్గర రబ్బరు ఊడలేదు. చివరికి మామయ్యగారి 50 తగిలించి మీట సగం నొక్కాను. జర్‌మని చప్పుడు చేసి లెన్సు తనంతట తాను తిరిగింది. 1990లో కొన్న వస్తువు. షాపులో కుర్రాడు "దాదా, యే లెన్స్ బేచేంగే?" అని అడిగాడు. లేదన్నాను.

బాడీ 31,500. అసలు బ్యాటరీ పాతబడింది గనుక కొత్తది ఒకటి 4,200. కార్డులు రెండు 1,900. రానుపోను స్లీపరు టిక్కెట్లూ తిండీ కలిపి 1,240. మొత్తం 38,840. మిగిలిన 1,160లో డాబా పూత అయిపోయింది. డి3100కు బదలాయింపు కింద 6,000 ఇస్తానన్నాడు గానీ ఇవ్వలేదు. దాన్ని దాని లెన్సుతో సహా తాతగారి మనవడికిచ్చాను. వాడిప్పుడు వాళ్ళ గుంట మగ్గాన్ని, మగ్గం మీద కూర్చునే ఒకరిద్దరు ముసలివాళ్ళను పగటి వెలుగులో తీస్తున్నాడు. నాకన్నా ఓపిక ఉంది వాడికి.

సముద్రం దగ్గర ఊళ్ళలో ఉన్నవాళ్ళకు ఒక మాట. ఈ లెన్సులు ఇన్నేళ్ళు బాగున్నాయంటే మామయ్యగారి జాగ్రత్త వల్ల. తేమకు లెన్సు లోపల బూజు పడితే సాలెగూడులా అల్లుకుంటుంది. తోలు కేసులో, బట్టల బీరువాలో దాచకండి. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి, నెలకోసారి బయటకి తీసి వాడండి.

ఇక కొత్త బాడీలో నాకు తేడా పడిన విషయాలు రెండే. డి3100లో 1600 దగ్గర కనిపించే ఇసక రవ్వ ఇందులో 3200 దగ్గర గానీ కనపడటం లేదు. అంటే బాడీ వల్ల లాభం రెండింతలు, లెన్సువల్ల దాదాపు పదింతలు. ఆ 31,500 నేను పెట్టింది ముఖ్యంగా ఆ స్క్రూడ్రైవరు కొన కోసమే అనుకోవచ్చు. రెండోది, 85 లెన్సు కొద్దిగా వెనక్కి ఫోకస్ అవుతోంది, దాన్ని ఈ బాడీలోనే సవరించుకునే ఏర్పాటుంది. ఒక ఆదివారం మధ్యాహ్నమంతా గోడకు క్యాలెండరు కట్టి అంకెలు సరిచూసుకున్నాను.

మర్నాడు సాయంత్రం అమ్మ తులసికోట దగ్గర దీపం వెలిగిస్తుంటే అరుగు మీదనుంచి తీశాను. 50 లెన్సు, ఎఫ్/2, సెకనులో నూట ఇరవై అయిదో వంతు, ఐ.ఎస్.ఓ. 3200. ఫ్లాష్ లేదు. తీసినట్టు ఆవిడకి తెలియదు. పన్నెండు అంగుళాల ప్రింటు వేయించి ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. ఇప్పుడేదో అంటుందని నేను ఎదురుచూస్తున్నాను.

"కుడి చెవి కమ్మ తిరగబడిపోయింది, ఒక్కళ్ళూ చెప్పరేం?" అంది. కమ్మ సరిచేసుకుని, రేపు మళ్ళీ తియ్యమంది.